కొత్త తరహా బడి పెట్టాలనుకుంటున్నారా? టీచర్ల టైమ్ దగ్గర మొదలుపెట్టండి

బడి పెట్టాలని కలలు కనేవాళ్ళు సలహా కోసం వచ్చినప్పుడు దాదాపు ప్రతిసారీ ముందు చూపించేది బిల్డింగ్ ప్లాన్. దాని వెనకాలే కోడింగ్ ల్యాబ్ కొటేషన్ వస్తుంది. టీచర్లు ఎవరు, ఒక్కొక్కరు వారానికి ఎన్ని పీరియడ్లు చెప్తారు, పిల్లల నోటుబుక్కులు ఎప్పుడు చదువుతారు అని అడిగితే మాత్రం అవన్నీ అడ్మిషన్లు అయ్యాక చూసుకుంటాం అంటారు. నేను చాలా ఏళ్ళు క్లాసులో పాఠం చెప్పాను, రెండు కొత్త బళ్ళు మొదలైనప్పుడు మొదటి రోజు నుంచీ లోపల ఉన్నాను. అదంతా చూశాక నాకు స్థిరపడిన అభిప్రాయం ఒకటే. బడి అంటే టీచర్ల టైమ్. ఆ టైమ్‌ని ఎలా సంపాదిస్తారు, దేనికి ఖర్చుపెడతారు అన్న దాన్నిబట్టే మీ బడి కొత్తదవుతుందో, పాతదానికే కొత్త రంగు వేసినట్టవుతుందో తేలిపోతుంది. కింద రాసిన అడుగులన్నీ ఆ లెక్క మీదే నడుస్తాయి.

1. ఒకే ఒక్క పేజీ రాయండి

"భవిష్యత్తుకు సిద్ధమైన పిల్లలు" అని రాస్తే అర్థం ఏమీ ఉండదు, ఎందుకంటే ఇరవై ఏళ్ళ తర్వాత ఏ ఉద్యోగాలుంటాయో ఎవరికీ తెలియదు. కాబట్టి భవిష్యత్తు గురించి కాకుండా పిల్ల గురించి రాయండి. పదకొండేళ్ళ వయసులో మీ బడి పిల్ల ఏం చేయగలగాలి? నేనైతే ఇలా రాస్తాను: తెలియని విషయం మీద నాలుగు పేజీల వ్యాసం ఇస్తే ఒక్కతే చదివి సారాంశం చెప్పగలదు. భిన్నాలు, శాతాలు, సగటు వాడి నిజమైన సమస్య ఒకటి తేల్చగలదు. తను రాసింది మూడుసార్లు దిద్దుకోగలదు. తనతో ఒప్పుకోని మనిషి మాటను ముందు సరిగ్గా తిరిగి చెప్పి, ఆ తర్వాతే జవాబు ఇవ్వగలదు. కంప్యూటర్ ఇచ్చిన సమాధానంలో తప్పెక్కడుందో పట్టుకోగలదు. ప్రతి వాక్యం కంటితో చూసి "అవును చేసింది" లేదా "ఇంకా రాలేదు" అని చెప్పగలిగేలా ఉండాలి. ఆ పేజీలో "సృజనాత్మకత" లాంటి మాట ఉంటే దాన్ని కొట్టేసి, పిల్ల ఏం చేస్తే అది కనపడుతుందో రాయండి.

ఇక్కడ ఒక పొరపాటు గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే కొత్త బళ్ళు ఎక్కువగా పడిపోయేది ఇక్కడే. సమాచారం అంతా ఫోన్‌లో ఉంది కదా, ఇక విషయం నేర్పక్కర్లేదు, ఆలోచించడం నేర్పితే చాలు అనుకుంటారు. 1988లో అమెరికాలో రెక్ట్, లెస్లీ అనే ఇద్దరు పరిశోధకులు 64 మంది పిల్లలకు బేస్‌బాల్ ఆట గురించిన ఒక కథనం చదవమని ఇచ్చారు. చదవడంలో వెనకబడిన పిల్లలే అయినా, ఆ ఆట బాగా తెలిసినవాళ్ళు, బాగా చదవగలిగి ఆట తెలియని పిల్లల కంటే ఎక్కువ అర్థం చేసుకున్నారు, ఎక్కువ గుర్తుపెట్టుకున్నారు. అంటే అర్థం చేసుకోవడం అనేది ఒట్టి నైపుణ్యం కాదు, తెలిసిన విషయం మీద నిలబడే పని. కృత్రిమ మేధ ఇచ్చిన జవాబు తప్పని పట్టుకోవాలంటే ఆ విషయం ముందే కొంత తెలిసి ఉండాలి కదా. అందుకే చరిత్ర, సైన్సు, భూగోళం గట్టిగా నేర్పని "భవిష్యత్తు బడి" మీద నాకు నమ్మకం లేదు.

2. మీకంటే ముందు చేసినవాళ్ళను చూడండి

కొత్త బడి అన్న ఆలోచన పాతదే. 1896లో అమెరికా తత్వవేత్త జాన్ డ్యూయీ షికాగో యూనివర్సిటీలో ప్రయోగశాల లాంటి బడి మొదలుపెట్టారు. 1907 జనవరి 6న మరియా మాంటెస్సోరి అనే డాక్టరు రోమ్ నగరంలోని శాన్ లోరెంజో అనే పేదల వాడలో చిన్న పిల్లల కోసం ఒక ఇల్లు తెరిచారు. ఒకరోజు బీరువా తాళం వేయడం మర్చిపోతే పిల్లలు తమకు కావలసిన వస్తువులు తామే తీసుకుని పనిలో పడ్డారట, అది గమనించి ఆమె సామాన్లను పిల్లలకు అందే ఎత్తులో తెరిచిన అరల్లో పెట్టించారు. నాకు ఇందులో నచ్చేది ఆ అరలు కాదు, గమనించి మార్చుకోవడం. 1921లో ఎ.ఎస్. నీల్ మొదలుపెట్టిన, ఇప్పుడు ఇంగ్లండ్‌లో ఉన్న సమ్మర్‌హిల్ అనే బడిలో, బడి సమావేశం జరిగితే చిన్నపిల్ల ఓటుకీ టీచర్ ఓటుకీ ఒకే విలువ. అమెరికాలో 1968 నుంచీ నడుస్తున్న సడ్‌బరీ వ్యాలీ బడిలో తప్పనిసరి క్లాసులే లేవు. ఇటలీలోని రెజ్జో ఎమీలియాలో రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన వెంటనే ఊరివాళ్ళు జర్మన్ సైన్యం వదిలేసిన ట్యాంకు, ట్రక్కులు, గుర్రాలు అమ్మిన డబ్బుతో పిల్లల బడి కట్టుకున్నారు. అక్కడ తర్వాత రూపుదిద్దుకున్న పద్ధతిలో ఒక్కో క్లాసుకు ఇద్దరు టీచర్లు ఉంటారు, వారంలో కొన్ని గంటలు పిల్లలు లేకుండా కూర్చుని, పిల్లలు ఏమన్నారో ఏం గీశారో చూసుకుని తర్వాత చేయాల్సిన పని ఆలోచిస్తారు. గమనించారా, మళ్ళీ టీచర్ల టైమే.

ఇంకో వైపు అనుభవం కూడా తెలుసుకోవాలి. 2013లో అమెరికాలో గూగుల్ మాజీ ఉద్యోగి ఒకరు స్థాపించిన ఆల్ట్‌స్కూల్ సంస్థకు పెట్టుబడిదారులు 17 కోట్ల డాలర్లకు పైగా ఇచ్చారు. చిన్న చిన్న బళ్ళు, ప్రతి పిల్లకూ సొంత పాఠ్యప్రణాళిక, వెనక ఒక సాఫ్ట్‌వేర్. 2019కల్లా ఆ సంస్థ బళ్ళు నడపడం మానేసి సాఫ్ట్‌వేర్ వైపు వెళ్ళిపోయింది. డబ్బుకు లోటు లేకపోయినా బడి నిలబడుతుందన్న హామీ లేదు.

మీకు అందుబాటులో ఉన్న మూడు బళ్ళకు వెళ్ళండి, గంటసేపు టూర్ కాదు, ఉదయం బెల్లు నుంచి సాయంత్రం బెల్లు దాకా ఒకే క్లాసులో వెనక బెంచీలో కూర్చోండి. గోడల మీది చార్టులు చూడకండి. మాట్లాడని పిల్లను ఒకరిని ఎంచుకుని రోజంతా ఆ పిల్ల ఏం చేస్తోందో రాసుకోండి. ఆ ఒక్క రోజు నోట్సు పది సెమినార్ల కంటే ఎక్కువ నేర్పుతుంది.

3. అనుమతులు

ఇది ప్రతి దేశంలో ఒక్కోలా ఉంటుంది కాబట్టి వివరాల్లోకి వెళ్ళను. ఒక్క నియమం మాత్రం అందరికీ పనికొస్తుంది: గుర్తింపు చేతికి రాకముందు ఫీజు తీసుకోకండి. ట్రస్టా, సొసైటీయా, కంపెనీయా అన్నది విద్యాసంస్థల పని తెలిసిన లాయర్‌తో, ఆడిటర్‌తో ఒకేసారి కూర్చుని తేల్చుకోండి. భవనానికి ఫైర్ సేఫ్టీ, నిర్మాణ భద్రత, తాగునీరు, మరుగుదొడ్లు, ఇవి తనిఖీ కోసం కాకుండా పిల్లల కోసం సరిచూసుకోండి. మీ బడి నుంచి వేరే బడికి మారే పిల్ల సర్టిఫికెట్ చెల్లుతుందా, చివర్లో ఏ పబ్లిక్ పరీక్ష రాస్తారు అన్నది మొదటి రోజే తల్లిదండ్రులకు చెప్పగలగాలి. సమ్మర్‌హిల్ అంత పేరున్న బడి కూడా, మొదలై దాదాపు ఎనభై ఏళ్ళయ్యాక, 1999 ప్రభుత్వ తనిఖీ తర్వాత మూతపడే ప్రమాదంలో పడి, 2000లో ట్రిబ్యునల్ దాకా వెళ్ళి నిలబడింది. అందుకని మీ పద్ధతి ఎందుకలా ఉందో, పిల్లలు ఏం నేర్చుకుంటున్నారో కాగితం మీద రుజువులు మొదటి ఏడాది నుంచే దాచుకోండి.

4. డబ్బు లెక్క, రూపాయల్లో కాదు, ఫీజుల్లో

మీ దగ్గర జీతాలు ఎంతో, అద్దెలు ఎంతో నాకు తెలియదు కాబట్టి ఒక పిల్ల ఏడాది ఫీజును ఒక యూనిట్ అనుకుందాం. క్లాసుకు 20 మంది ఉంటే 20 యూనిట్లు. అందులో 60 శాతం, అంటే 12 యూనిట్లు, టీచర్ల జీతాలకు పోవాలన్నది నా గట్టి సలహా. మిగతా 40 శాతంలో అద్దె, ఆఫీసు, ప్రిన్సిపాల్, శుభ్రం చేసేవాళ్ళు, పుస్తకాలు, మరమ్మతులు అన్నీ సర్దుకోవాలి.

ఇప్పుడు క్లాసుకు ఒక్క టీచర్ సరిపోదు. రోజుకు 8 పీరియడ్లు, వారానికి 5 రోజులు అంటే 40 పీరియడ్లు. ఒక్కరే ఉంటే 40కి 40 చెప్పాలి, ఇక నోటుబుక్కులు చూసేది రాత్రి ఇంట్లోనే, ఆరు నెలలకల్లా ఆ మనిషి అలసిపోతుంది. క్లాసుకు ఒకటిన్నర టీచర్ అనుకోండి (రెండు క్లాసులకు ముగ్గురు), అప్పుడు ఒక్కొక్కరు చెప్పేది వారానికి దాదాపు 27 పీరియడ్లు, ఖాళీ దొరికేది 13. పన్నెండు యూనిట్లను ఒకటిన్నరతో భాగిస్తే 8. అంటే మీ బడిలో ఒక టీచర్ ఏడాది జీతం ఎనిమిది మంది పిల్లల ఫీజుకు సమానం. మీ దగ్గర మంచి టీచర్‌కు ఇవ్వాల్సిన జీతం ఈ ఎనిమిది ఫీజుల కంటే ఎక్కువగా ఉంటే ఫీజు పెంచాలి, లేదా క్లాసులో పిల్లల్ని పెంచాలి, లేదా బయటి నుంచి విరాళం తేవాలి. నాలుగో దారి, టీచర్ జీతం తగ్గించడం, దాన్ని ముట్టుకోకండి.

ఫీజు కట్టలేని పిల్లలకు ఐదింట ఒక సీటు ఇవ్వాలనుకుంటే (ఇవ్వాలని నేను కోరుకుంటాను, ఒకే రకం ఇళ్ళ పిల్లలు మాత్రమే ఉన్న క్లాసులో నేర్చుకోలేనివి చాలా ఉంటాయి) ఫీజు కట్టేవాళ్ళు 16 మంది అవుతారు. అదే లెక్కలో టీచర్ జీతం 6.4 ఫీజులకు దిగుతుంది. ఈ తేడా ఎవరు భరిస్తారో ముందే తేల్చుకోండి, లేకపోతే మూడో ఏడాది ఆ సీట్లే మొదట మాయమవుతాయి.

మొదటి ఏడాది ఒకటో, రెండో తరగతులతో ముప్పై మందిని మించకుండా మొదలుపెట్టి, ఏటా ఒక్క తరగతి కలుపుకుంటూ పోండి. ఐదో ఏడాదికి ఆరు తరగతులు అవుతాయి. ఎనిమిదో తరగతితో మొదలుపెడితే ఫీజులు తొందరగా వస్తాయి నిజమే, కానీ పరీక్షల టెన్షన్‌తో వచ్చిన పిల్లల దగ్గర కొత్త పద్ధతి పాతుకునే టైమ్ ఉండదు. చిన్నగా మొదలైన బడికి మొదటి మూడేళ్ళు నష్టం తప్పదు, కాబట్టి కనీసం ఒక ఏడాది జీతాల మొత్తం పక్కన పెట్టుకోకుండా తలుపులు తెరవకండి. నేను పనిచేసిన ఒక బడిలో రెండో ఏడాది మధ్యలో జీతాలు రెండు నెలలు ఆగాయి. పిల్లలంటే ప్రాణం పెట్టే ముగ్గురు టీచర్లు ఆ వేసవిలో వెళ్ళిపోయారు. బడి తర్వాత కూడా నడిచింది, కానీ మేము అనుకున్న బడి అక్కడితో ఆగిపోయింది.

5. టీచర్లను ఎంచుకోవడం

తలుపులు తెరవడానికి ఏడాది ముందే ఇద్దరు ముగ్గురిని తీసుకోండి, జీతం ఇచ్చే తీసుకోండి. ఇంటర్వ్యూలో "మీ విద్యా తత్వం ఏమిటి" అని అడిగితే అందరూ బాగానే చెప్తారు. దాని బదులు మూడు పనులు చేయించండి. నిజమైన పిల్లలకు అరగంట పాఠం చెప్పమనండి. ఒక పిల్ల లెక్కల నోటుబుక్కు ఇచ్చి, ఈ పిల్లకు ఏం అర్థం కాలేదు, రేపు మీరు ఏం చేస్తారు అని అడగండి. 43లోంచి 17 తీసేసి 34 రాసిన పిల్లను చూసి "అజాగ్రత్త" అనేవాళ్ళకీ, "ఒకట్ల స్థానంలో పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసేసింది, పది అప్పు తెచ్చుకోవడం అర్థం కాలేదు" అనేవాళ్ళకీ ఉన్న తేడాయే మీకు కావలసింది. మూడోది, వాళ్ళ పాఠం మీద మీరు ఒక సూచన ఇచ్చి, అదే పాఠం మర్నాడు ఇంకోసారి చెప్పమనండి. సూచన విన్నాక ముఖం ఎలా ఉంది, పాఠం ఎంత మారింది, రెండూ చూడండి.

6. టైమ్‌టేబుల్: అసలు బడి ఇదే

ఆ 13 ఖాళీ పీరియడ్లను పేరు పెట్టి పంచకపోతే అవి సబ్‌స్టిట్యూషన్లకే ఆవిరైపోతాయి. నేను పంచే పద్ధతి: నోటుబుక్కులు చదవడానికి 5, తోటి టీచర్లతో కలిసి పాఠాలు తయారు చేసుకోవడానికి 3, ఇంకొకరి క్లాసులో కూర్చుని చూడటానికి 2, తల్లిదండ్రులతో మాట్లాడటానికి 1, ఎవరైనా సెలవు పెడితే వాడుకోవడానికి 2. ఇవి టైమ్‌టేబుల్ కాగితం మీద లెక్కలు, సైన్సు లాగే అచ్చు అయి ఉండాలి.

పిల్లల రోజు విషయానికొస్తే, ఉదయం పూట చదవడం, రాయడం, లెక్కలు, ప్రతిరోజూ, మినహాయింపు లేకుండా. రోజుకు ఒకసారి టీచర్ ఒక మంచి పుస్తకం పైకి చదివి వినిపించాలి, చదవడం వచ్చిన పెద్ద పిల్లలకు కూడా. మధ్యాహ్నం చరిత్ర, సైన్సు, బొమ్మలు, సంగీతం, ఆటలు. ప్రాజెక్టులు వారానికి రెండు మధ్యాహ్నాలు చాలు, కానీ అవి నిజమైనవి కావాలి.

నిజమైన ప్రాజెక్టు అంటే ఏమిటో ఒక ఉదాహరణ చెప్తాను. "మన బడికి రోజుకు ఎన్ని నీళ్ళు పడుతున్నాయి?" పదేళ్ళ పిల్లలకు ఆరు వారాల పని. మొదటి రెండు వారాలు లీటరు, ఘనపరిమాణం, సగటు పాఠాలుగానే చెప్పాలి, ఎందుకంటే అవి రాకుండా వదిలేస్తే ప్రాజెక్టు పేరుతో చార్టులకు రంగులు వేయడమే మిగులుతుంది. తర్వాత మీటర్ రీడింగ్ రోజూ ఒకే టైమ్‌కు తీస్తారు, కారుతున్న కుళాయి కింద గ్లాసు పెట్టి నిమిషానికి ఎంత పోతోందో కొలిచి దాన్ని రోజుకు లెక్కగడతారు. ఇద్దరి కొలతలు ఒకలా రావు, ఎందుకు రాలేదో వాదించుకుంటారు, మళ్ళీ కొలుస్తారు. చివర్లో బడి యాజమాన్యానికి అంకెలతో ఉత్తరం రాస్తారు, మూడుసార్లు తిరగరాసి. యాజమాన్యం ఆ ఉత్తరానికి నిజంగా జవాబు ఇవ్వాలి, కుళాయి బాగుచేయించాలి, లేదా ఎందుకు చేయించలేమో పిల్లల ముందు నిలబడి చెప్పాలి.

7. పరీక్షలు, మార్కులు

పరీక్షలే ఉండవని ప్రకటించడం తేలిక, కానీ పిల్లలకు మేలు చేయదు. 2006లో రోడిగర్, కార్పికే అనే ఇద్దరు పరిశోధకులు చేసిన ప్రయోగంలో, పాఠాన్ని మళ్ళీ మళ్ళీ చదువుకున్నవాళ్ళు ఐదు నిమిషాల తర్వాత బాగానే రాశారు, కానీ వారం తర్వాత చూస్తే, పుస్తకం మూసి గుర్తు తెచ్చుకుని రాసినవాళ్ళకే ఎక్కువ గుర్తుంది. కాబట్టి చిన్న చిన్న ప్రశ్నలు, మార్కులు లేకుండా, తరచుగా అడగండి: నిన్నటి పాఠం మీద రెండు, పోయిన నెల పాఠం మీద ఒకటి. పెద్ద పనుల మీద మార్కు వేయకుండా వ్యాఖ్య మాత్రమే రాయండి. 1988లో రూత్ బట్లర్ పరిశోధనలో వ్యాఖ్య మాత్రమే అందుకున్న పిల్లల పని మెరుగుపడింది, మార్కు, వ్యాఖ్య రెండూ కలిపి ఇస్తే ఆ మేలు కనిపించలేదు. పిల్లలు ఎలాగూ మార్కే చూస్తారు. వ్యాఖ్య రాశాక మాత్రం దాన్నిబట్టి దిద్దుకోవడానికి క్లాసులోనే టైమ్ ఇవ్వాలి, అది లేకపోతే మీరు రాసింది వృథా.

8. టెక్నాలజీ

పెరూ దేశంలో పిల్లలకు తలా ఒక ల్యాప్‌టాప్ ఇచ్చిన కార్యక్రమాన్ని 319 గ్రామీణ బళ్ళలో పరిశీలించారు. కంప్యూటర్లు వాడటం బాగా పెరిగింది, లెక్కల్లో, భాషలో మార్కులు మాత్రం పెరగలేదు. అందుకే నేను ఒక్క ప్రశ్న అడుగుతాను: ఈ పరికరం ఏ టీచర్‌కు ఏ పనిలో టైమ్ మిగులుస్తుంది, లేదా ఏ పిల్ల ఏ పని ఇది లేకుండా చేయలేదు? జవాబు రాకపోతే కొనకండి. కృత్రిమ మేధను పెద్ద పిల్లల క్లాసులోకి తెచ్చేటప్పుడు కూడా పిల్లలు ముందు సొంతంగా రాయాలి, తర్వాతే యంత్రం రాసింది పక్కన పెట్టి ఏది ఎక్కడ తప్పో, ఏది నిజమో పుస్తకంలో వెతికి తేల్చాలి.

9. పిల్లల భద్రత

కొత్త తరహా బళ్ళలో టీచర్లు, పిల్లలు చనువుగా ఉంటారు, అది మంచిదే. కానీ అందువల్లే నియమాలు ఇంకా గట్టిగా ఉండాలి. పనిలో చేరే ప్రతి ఒక్కరి వెనకటి వివరాలు, టీచరైనా డ్రైవరైనా, పాత యజమానితో నేరుగా మాట్లాడి తెలుసుకోండి. ప్రతి గది తలుపుకు లోపలేం జరుగుతోందో కనపడేలా అద్దం ఉండాలి. పెద్దవాళ్ళు ఒక్క పిల్లతో మూసిన గదిలో ఉండకూడదు. ఫిర్యాదు ఎవరికి చెప్పాలో పిల్లలకు తెలియాలి, ఆ మనిషి మీ కుటుంబ సభ్యులు కాకూడదు. "మనవాళ్ళే కదా" అన్న మాట ఈ విషయంలో ఒక్కసారి కూడా ఒప్పుకోకండి.

10. తల్లిదండ్రులు

అడ్మిషన్ ముందు అరగంట కూర్చోబెట్టి మీరు చేయనివి చెప్పండి: ర్యాంకులు ప్రకటించం, గంటల తరబడి హోంవర్క్ ఇవ్వం, మీ పిల్లను పక్క పిల్లతో పోల్చం. ఇది విని కొందరు వెళ్ళిపోతారు, సీట్లు ఖాళీగా ఉన్నప్పుడు అది చూడటం కష్టమే, అయినా వెళ్ళనివ్వండి, ఏడాది మధ్యలో వెళ్ళడం పిల్లకు ఇంకా కష్టం. చేరినవాళ్ళకు నాలుగో నెలలో భయం మొదలవుతుంది. పక్కింటి అబ్బాయి ఎక్కాలు ఇరవై దాకా అప్పజెప్తున్నాడు, మావాడికి రావట్లేదు అంటారు. ఆ భయాన్ని తీసిపారేయకండి, కొన్నిసార్లు వాళ్ళు చెప్పేది నిజం. వాడు మొదటి నెలలో రాసిన పేజీ, నిన్న రాసిన పేజీ పక్కపక్కన పెట్టి చూపించండి. తేడా కనపడకపోతే ఆ రోజు మీరు దిద్దుకోవాల్సిన పని ఒకటి దొరికినట్టే.

11. మొదటి ఏడాది

మొదటి ఆరు వారాలు పాఠాల వేగం తగ్గించి అలవాట్లు నేర్పండి: వస్తువులు ఎక్కడ పెట్టాలి, గొడవ వస్తే ఎలా కూర్చుని మాట్లాడుకోవాలి, ఒకరు చదువుతుంటే పక్కవాళ్ళు ఏం చేయాలి. వారానికొకసారి స్టాఫ్ అంతా ఒకే ఒక్క పిల్ల గురించి ఇరవై నిమిషాలు మాట్లాడుకోండి, ఆ పిల్ల నోటుబుక్కులు బల్ల మీద పెట్టుకుని. ముప్పై మందే కాబట్టి ఏడాదిలో అందరి వంతూ వస్తుంది. ఎవరూ ఎక్కువగా తలుచుకోని పిల్లతో మొదలుపెట్టండి.

ఏడాది చివర మొదట రాసిన ఆ పేజీ బయటకు తీసి, ఒక్కో వాక్యం పక్కన ఎంతమంది పిల్లలు ఆ దారిలో ఉన్నారో పెన్సిల్‌తో రాయండి. తర్వాత టైమ్‌టేబుల్ తీసుకుని, ఆ పేజీలో ఏ వాక్యానికీ పనికిరాని పీరియడ్లను కొట్టేయండి. కొత్తగా ఏదైనా చేర్చాలని ఎవరైనా అంటే, దానికి ఏ టీచర్ టైమ్ ఎక్కడి నుంచి తీస్తారో కూడా అదే కాగితం మీద రాయమనండి.